తంజావూరి పాదిరి స్వార్ట్జు

తంజావూరు పేరు తెలుగువారికి క్రొత్తది కాదు. రఘునాథ నాయకుడు కొలువుతీర్చి కవులను ఆదరించినది ఆ నగరముననే. త్యాగరాజస్వామి తన కీర్తనలను గానము చేసిన తిరువయ్యారు దానికి ఏడెనిమిది మైళ్ళ దూరమున కలదు. నాయకరాజుల తరువాత మహారాష్ట్ర వంశమువారు ఆ సీమను ఏలిరి. పదునెనిమిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఆ చిన్న రాజ్యము మూడు పెద్ద శక్తుల నడుమ చిక్కుకొనెను. ఒక వైపున ఆర్కాటు నవాబు, వేరొక వైపున మైసూరు హైదరాలీ, మరియొక వైపున చెన్నపట్టణపు ఇంగ్లీషు కుంపిణీ. కావేరి నీటితో పండు వరిపొలములే ఆ రాజ్యమునకు సిరి. అవియే దానికి చేటును తెచ్చినవి.

ఆనాడు అచ్చట రాజు మాటను రైతు నమ్మడు. కుంపిణీ మాటను రాజు నమ్మడు. హైదరాలీ ఎవ్వరి మాటను నమ్మడు. ఇట్టి కాలమున వీరందరును నమ్మిన మనుష్యుడొకడు ఆ సీమలో కాలినడకను తిరుగుచుండెను. ఆయన మంత్రి కాడు, సేనాపతి కాడు, ఇంగ్లీషువాడైనను కాడు. బడిపిల్లల కొరకు చేయి చాచుటకు జంకని జర్మను పాదిరి. ఆయన పేరు క్రిస్టియన్ ఫ్రెడరిక్ స్వార్ట్జు.

స్వార్ట్జు 1726వ సంవత్సరమున ప్రష్యా రాజ్యములోని సోన్నెన్‌బుర్గు అను చిన్న పట్టణమున జన్మించెను. పసితనముననే తల్లి మరణించెను. తన కుమారుని దైవసేవకు అర్పింపవలెనని ఆమె మరణశయ్యపై భర్తను కోరెనందురు. ఇరువది యేండ్ల ప్రాయమున ఆయన ఉన్నత విద్యకై హాలె నగరము చేరెను. ఆ నగరమున ఫ్రాంకె అను పండితుడు స్థాపించిన గొప్ప అనాథ విద్యాలయము కలదు. దాతలు ఇచ్చిన ధనముతోనే అది వందలకొలది పేద బాలురకు అన్నము పెట్టి చదువు చెప్పుచుండెను. బడి యనగా ఎట్లు నడువవలెనో స్వార్ట్జు అచ్చటనే చూచెను.

హాలెలో ఆయనకు బెంజమిన్ షుల్జ్ అను వృద్ధునితో పరిచయము కలిగెను. షుల్జ్ చెన్నపట్టణమున చాల కాలముండి తెలుగును తమిళమును నేర్చి స్వదేశమునకు మరలినవాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకములు 1746, 1747 ప్రాంతమున ఈతని పూనికతో ఆ హాలె నగరముననే వెలువడినవి. తమిళ బైబిలు అచ్చుపనికి సాయపడుటకై స్వార్ట్జు ఈయన యొద్ద తమిళ భాషను నేర్వనారంభించెను. ఆ ముద్రణ మాట ఎట్లున్నను, నేర్చిన భాష వ్యర్థము కాలేదు. భరతఖండమునకు పోవుదువా యని పెద్దలు అడుగగా ఆయన అంగీకరించెను. తండ్రి ఆస్తిలో తన భాగమును తోబుట్టువులకు వదలి, 1750వ సంవత్సరము జూలై మాసమున డేన్మార్కువారి రేవుపట్టణమైన తరంగంబాడిలో దిగెను. నాలుగు మాసములు నిండకమునుపే తమిళమున ఉపన్యసింపగలిగెను. తరువాత హిందూస్తానీ, పారశీకము, మరాఠీ, పోర్చుగీసు భాషలను గూడ నేర్చెను. తన ఎదుట నున్న మనుష్యునితో వాని భాషలో మాటలాడవలెననుట ఆయన నియమము.

1762లో స్వార్ట్జు తిరుచిరాపల్లికి వచ్చెను. అచ్చట కుంపిణీవారి సైన్యము విడిసియుండెను. ఆయన వచ్చిన కొలది కాలమునకే కోటలోని మందుగుండు కొట్టు ప్రేలి పలువురు సైనికులు మరణించిరి. వారి బిడ్డలు దిక్కులేనివారైరి. ఆ బిడ్డల కొరకే స్వార్ట్జు అచ్చట బడి పెట్టెను. దానికి నిధి లేదు, మాన్యము లేదు. సైనికులును వారి అధికారులును ఇచ్చిన చందాలే ఆధారము.

ఆనాటి ఆయన జీవితమును కన్నులార చూచిన ఇంగ్లీషువారు వర్ణించియున్నారు. సంవత్సరమునకు 48 పౌనుల ఆదాయముతో ఆయన కాలము గడుపుచుండెను. ఒక పాత కట్టడములో మంచము పట్టునంత గది ఆయన నివాసము. పొడగరి ఎవరైనను అందులో నిటారుగా నిలువజాలడు. అన్నము, కూరలు ఆయన భోజనము. నల్లరంగు వేసిన ముతక నూలుబట్ట ఆయన దుస్తు. పిమ్మట కుంపిణీవారు ఆయనను సైన్యమునకు మతగురువుగా నియమించి ఏటా 100 పౌనుల జీతమును ఏర్పరచిరి. ఆ సొమ్ములో అధిక భాగము బడికిని మిషను కట్టడములకును పోయెను. తన జీతమును తన జేబునకు చేర్చుకొను అలవాటు ఆయనకు ఎన్నడును కలుగలేదు.

తంజావూరు రాజైన తుళజాజీకి స్వార్ట్జుపై గౌరవము కలిగినది. 1778లో ఆయన తన నివాసమును తంజావూరునకు మార్చుకొనెను. మరుసటి సంవత్సరమున విచిత్రమైన పని ఒకటి ఆయన నెత్తిపై పడెను. హైదరాలీ యుద్ధమునకు సన్నద్ధుడగుచున్నాడన్న భయముతో చెన్నపట్టణపు గవర్నరు రహస్యముగా రాయబారిని పంపదలచెను. కుంపిణీవారు తనకిచ్చిన మాటలను పలుమారులు తప్పిరని హైదరాలీ కోపముతో నుండెను. అతడు ఇంగ్లీషు అధికారుల ముఖము చూడడు. ఈ పాదిరి వచ్చినచో వినుట కభ్యంతరము లేదు. స్వార్ట్జునకు రాజకీయములు రుచింపవు. అయినను రక్తపాతము తప్పునేమో యను ఆశతో ఆయన శ్రీరంగపట్టణమునకు పయనమయ్యెను.

హైదరాలీ ఆయనను ఆదరముతో చూచెను. చదువను వ్రాయను రాని ఆ ప్రభువు ఒకే సమయమున పలువురు లేఖకులకు ఉత్తరములు చెప్పుచు, రాజ్యకార్యములను నడపుచుండుట స్వార్ట్జు కనులార గాంచెను. సంధి మాత్రము పొసగలేదు. తిరిగివచ్చునప్పుడు దారి ఖర్చులకని హైదరాలీ 300 రూపాయల సంచిని పంపెను. ప్రయాణపు ఖర్చు కుంపిణీవారు అదివరకే ఇచ్చియుండిరి గనుక స్వార్ట్జు ఆ సంచిని చెన్నపట్టణమునకు తెచ్చి ప్రభుత్వమునకు అప్పగించెను. వారు దానిని ఆయననే ఉంచుకొనుమనిరి. ఆయన ఉంచుకొనలేదు, తంజావూరులో అనాథ బాలుర ఇంగ్లీషు బడికి మూలధనముగా వినియోగింప అనుమతి కోరెను. ఇంగ్లీషువారికి బద్ధశత్రువైన హైదరాలీ సొమ్ముతో తంజావూరున ఇంగ్లీషు బడికి నిధి మొదలగుట చరిత్రలోని చిత్రములలో ఒకటి.

1780లో హైదరాలీ సేనలు కనుమలు దిగి కర్ణాటక సీమపై విరుచుకుపడెను. పంటలు తగులబడినవి, చెరువులు తెగినవి, పశువులు తోలుకొనిపోబడినవి. తంజావూరు కోట లోపల సైన్యమునకును ప్రజలకును తిండి కరవయ్యెను. చుట్టుప్రక్కల పల్లెలలో ధాన్యము లేకపోలేదు. దానిని మోసికొనివచ్చుటకు ఎద్దులును లేకపోలేదు. అయినను రైతులు కదలలేదు. పూర్వము రాజపురుషులు ధాన్యము తీసికొని వెల చెల్లింపకుండుట వారెరుగుదురు. రాజు ఆజ్ఞాపించెను, రెసిడెంటు వాగ్దానము చేసెను. ఒక్క బండియు రాలేదు. కడకు వారు స్వార్ట్జును పిలిపించిరి. వెల చెల్లింపబడుననియు, చెల్లింపకున్న తానే పూచీ యనియు ఆయన తన పేర పల్లెలకు కబురు పంపెను. ఒకటి రెండు దినములలో వేయికి మించిన ఎద్దులు కోటవాకిట నిలిచినవి. కొలది కాలములోనే 80,000 కలముల ధాన్యము లోనికి వచ్చెను. కలమనునది ఆ సీమలో ధాన్యమును కొలుచు మానము. వచ్చిన ప్రతి గింజకును ఆయన వెల చెల్లింపించెను.

ఆ కరవున ఆకటితో వీధులలో పడిపోయినవారికి ఆయన గంజి కాచి పోయించెను. హైదరాలీ కూడ ఈ వృద్ధ పాదిరిని ఎవ్వరును అడ్డగింపరాదని తన సైనికులను శాసించెను. అందువలన పోరు సాగుచున్నను ఆయన ఇరుపక్షముల నడుమ నిర్భయముగా తిరుగగలిగెను. యుద్ధము ముగిసిన పిమ్మట పన్నుల బాధకు తాళలేక దేశము విడిచిపోయిన రైతులను మరల రప్పించుట మరియొక సమస్య యయ్యెను. ఆయన మాటపై ఒక్క దినమున 7,000 మంది తిరిగివచ్చి పొలములు దున్నుకొనిరి.

ఇంత నమ్మకము గడించినవానికిని బడులు నడుపుట మాత్రము సులభము కాలేదు. ఉపాధ్యాయుని జీతము ప్రతి నెలయు ఈయవలెను. అనాథలకు పూట పూటకు అన్నము పెట్టవలెను. కాగితములు, పుస్తకములు, బడికప్పు, వాననీరు కారకుండ మరమ్మతు, అన్నిటికిని రొక్కము కావలెను. ఐరోపా నుండి ధర్మనిధి రావలెనన్నచో ఓడ మాసములకొలది సముద్రముపై తిరుగవలెను; యుద్ధకాలమున ఆ ఓడ చేరునో లేదో యెవ్వరికి తెలియును? రాజులు దయతో ఇత్తుమన్న సొమ్ము రాజుల బొక్కసము నిండియున్నప్పుడే చేతికి వచ్చును. తంజావూరు బొక్కసము ఆనాడు నిండియుండుట అరుదు.

ఈ దశలో తంజావూరు రెసిడెంటుగా నున్న జాన్ సల్లివన్ ఒక యోచన చేసెను. కుంపిణీ అధికారులకు తమిళము రాదు. దేశస్థులకు ఇంగ్లీషు రాదు. నడుమ దుబాసీలు నిలిచి ఇరువురి మాటలను తమకు తోచినట్లు తిప్పి చెప్పి లాభము గడించుచుండిరి. రైతు మొర ఒకటి, దొర చెవిని పడునది వేరొకటి. దేశబాలురకు ఇంగ్లీషు నేర్పినచో ఈ మధ్యవర్తుల అవసరము తగ్గి ప్రజలును ప్రభుత్వమును నేరుగా మాటలాడుకొందురని సల్లివన్ తలంచెను. తంజావూరు, రామనాథపురము, శివగంగ మొదలగు చోట్ల పాఠశాలలు స్థాపించి వానిని స్వార్ట్జు పెత్తనమున ఉంచవలెనని ప్రతిపాదించెను. స్వార్ట్జు సంతోషముతో సమ్మతించి సల్లివనుతో కూడ రామనాథపురమునకు వెళ్ళెను. స్థానిక ప్రభువులు సహాయము చేయుదుమనిరి. 1785లో రామనాథపురమున బడి తెరువబడెను.

ఆ బడులలో చదువుటకు వచ్చినవారు పెక్కురు బ్రాహ్మణుల పిల్లలు, వర్తకుల పిల్లలు, అధికారుల పిల్లలు. ఇంగ్లీషు చదువుట, వ్రాయుట, లెక్కలు, వీనితోపాటు తమిళమును నేర్పుచుండిరి. ఇచ్చట ఒక చిక్కు కలదు. బడి నడుపువాడు పాదిరి. మతమును బోధించుట ఆయన వ్రతము. చదువు పేరు చెప్పి పిల్లలను మతము మార్చునేమోయని తలిదండ్రులు శంకించుట సహజము. స్వార్ట్జు ఈ శంకను దాచిపెట్టలేదు. కపటోపాయములతో, తలిదండ్రులు ఎరుగకుండ, బాలురకు మతము నూరిపోయుట తగదని ఆయన నిశ్చయించి ఆ విషయమును అధికారులకును స్పష్టముగా తెలిపెను. తాను నమ్మినదానిని ఆయన బహిరంగముగా చెప్పును. బడి వాకిట వల పన్నడు. ఎద్దులను తోలుకొనివచ్చిన రైతులు ఏ కారణమున ఆయనను నమ్మిరో, ఆ కారణముననే పిల్లలను పంపిన తండ్రులును నమ్మిరి.

రాజుల వాగ్దానములు మాత్రము బడిని ఎంతకాలము నిలుపగలవు? విషయము చెన్నపట్టణమునకును, అచ్చటినుండి లండనునకును పోయెను. 1787లో లండనులోని డైరెక్టర్ల సభవారు ఈ పాఠశాలలు ఒక్కొక్కదానికి ఏటా 250 వరహాలు మంజూరు చేసిరి. ఇట్టి ఉద్దేశముతోనే ఇకముందు తెరువబడు పాఠశాలలకును అంతే సహాయము కలదని తెలిపిరి. వరహా సుమారు మూడున్నర రూపాయలకు సమానము. 250 వరహాలనగా ఆనాటి లెక్కలో 100 పౌనులు. ఒక బడికి సంవత్సరమంతయు నిశ్చింతగా ఊపిరి పోయుటకు ఆ మొత్తము చాలును.

కుంపిణీవారు దీనిని కేవలము ధర్మబుద్ధితో ఇచ్చిరనుట సరికాదు. వారు వర్తకులు, ప్రయోజనము లేని చోట వరహా విడుచువారు కారు. ఇంగ్లీషు నేర్చిన గుమాస్తాలు వారికి కావలసియుండిరి. ఆ బడులలో చదివిన కొందరు తరువాత ప్రభుత్వపు కొలువులలో కుదురుకొనిరి. అయినను దేశబాలుర చదువునకు కుంపిణీ బొక్కసమునుండి ఏటేటా సొమ్ము కేటాయింపబడిన తొలి సందర్భములలో ఇది యొకటి. విద్యకు సంవత్సరమునకు లక్ష రూపాయలు వెచ్చింపవలెనని పార్లమెంటు శాసించినది 1813లో. ఖాసగీ బడులకు ప్రభుత్వ గ్రాంటు లీయవలెనను విధానము రూపొందినది 1854లో. తంజావూరు బడి పిల్లలు వరహాల సాయముతో అక్షరములు దిద్దుకొన్నది ఈ రెంటికిని ఎంతో ముందు.

సహాయము వచ్చిన సంవత్సరముననే తుళజాజీ మరణించెను. మరణమునకు ముందు ఆయన సర్ఫోజీ అను పదియేండ్ల బాలుని దత్తత చేసికొని, ఆ బాలుని స్వార్ట్జు చేతులలో పెట్టదలచెను. రాజ్యభారము పాదిరి చేయదగిన పని కాదని స్వార్ట్జు వారించి, రాజు తమ్ముడైన అమరసింగును సంరక్షకునిగా నియమింపుమని సలహా యిచ్చెను. ఆ సలహా చెడ్డ ఫలమునే ఇచ్చెను. దత్తత చెల్లదని కుంపిణీవారు తొలుత నిర్ణయించి అమరసింగునే గద్దె యెక్కించిరి. అమరసింగు బాలుని అంతఃపురమున బంధించినట్లు ఉంచి, చదువు చెప్పువారినైనను దరిజేరనీయలేదు. ఊరి పిల్లల కందరకు బడి పెట్టిన స్వార్ట్జునకు, తనకు అప్పగింపబడబోయిన బాలుడు అక్షరములు లేక చీకటి గదిలో నుండుట ఎంత బాధయో ఊహింపవచ్చును. ఆయన చెన్నపట్టణమునకు వ్రాసెను; మరల వ్రాసెను. కడకు 1793లో సర్ఫోజీని చెన్నపట్టణమునకు చేర్చి మంచి విద్యను చెప్పించిరి. దత్తతను గూర్చి పండితుల అభిప్రాయములు మరల సేకరింపబడినవి. ఆ దత్తత న్యాయమైనదే యని తేలి, 1798లో సర్ఫోజీ సింహాసన మధిష్ఠించెను.

ఈలోపల 1793లో ఇంగ్లండు పార్లమెంటున ఒక సభ్యుడు మిషనరీల పని నిష్ప్రయోజనమని నిందించెను. ఆ వార్త ఓడపై తంజావూరు చేరుసరికి స్వార్ట్జు వృద్ధుడయ్యెను. తన్ను పొగడుకొనుట ఎరుగని ఆయన, విధి లేక, మరుసటి సంవత్సరమున సుదీర్ఘమైన ఉత్తరము వ్రాసెను. కోటలోనికి వచ్చిన ధాన్యము, తిరిగివచ్చిన రైతులు మొదలగు సంగతులు ఆ ఉత్తరము మూలముననే లోకమునకు వివరముగా తెలిసినవి. నింద రాకున్నచో అవి ఆయనతోనే మరుగుపడియుండెడివేమో.

1798వ సంవత్సరము ఫిబ్రవరి 13వ తేదీన స్వార్ట్జు తంజావూరులో కన్నుమూసెను. నలువది యెనిమిది సంవత్సరములు ఈ దేశమున గడపి ఒక్కమారైనను స్వదేశమునకు పోలేదు, వివాహము చేసికొనలేదు. మిగిలిన కొద్దిపాటి ధనమును మిషనునకును పేదలకును వ్రాసియిచ్చెను. అప్పటికింకను రాజు కాని సర్ఫోజీ శవయాత్రకు వచ్చి కన్నతండ్రిని కోల్పోయినవానివలె విలపించెను. తరువాత ఫ్లాక్స్‌మన్ అను ప్రసిద్ధ ఇంగ్లీషు శిల్పి చేత చలువరాతి శిల్పమును చెక్కించి తంజావూరు చర్చిలో నిలిపెను. మంచముపై నున్న వృద్ధుని చేతిని సర్ఫోజీ పట్టుకొనియున్న దృశ్యము అందు కలదు. స్వార్ట్జు సమాధిరాతిపై చెక్కబడిన ఇంగ్లీషు పద్యమును సర్ఫోజీయే స్వయముగా రచించెను. సరస్వతీ మహలు గ్రంథాలయమును విశేషముగా పెంపొందించి, తన రాజ్యమున బడులు పెట్టించిన విద్యాప్రియుడు ఈ సర్ఫోజీయే. కుంపిణీవారును చెన్నపట్టణపు కోటలోని చర్చిలో స్వార్ట్జునకు స్మారకమును కట్టించిరి.

ఆయన స్థాపించిన బడుల కథ ఒక తీరున సాగలేదు. రామనాథపురపు సేతుపతిని కుంపిణీవారే 1795లో గద్దె దింపిరి. బడికి సాయము చేయుదుమన్న సంస్థానములే తలక్రిందులైనవి. శివగంగ సీమ పోరులలో చిక్కినది. తంజావూరున స్వార్ట్జు పెంపుడు కుమారునివలె పెరిగిన కోల్హాఫ్ పాదిరి, గురువు విడిచిన పనిని చేపట్టి 1844లో తాను మరణించువరకు సాగించెను. తంజావూరులోని సెంటు పీటర్సు పాఠశాల తన పుట్టుకను స్వార్ట్జు నుండియే లెక్కించుకొనుచున్నది. రామనాథపురమునను స్వార్ట్జు పేరు గల ఉన్నత పాఠశాల కలదు. రామేశ్వరమునుండి వచ్చి ఆ పాఠశాలలో చదువుకొన్న పడవ యజమాని కుమారుడొకడు 2002లో భారత రాష్ట్రపతి యయ్యెను. ఆయన పేరు అబ్దుల్ కలాము.